కొత్త బెల్టు వేసినా మళ్లీ ఎందుకు తెగుతోంది? గడ్డికోత మిషను బెల్టు గురించి

మా కొట్టు ఒడిశాలోని పర్లాకిమిడిలో. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులు అమ్ముతాం. దమ్ములప్పుడు పవర్ టిల్లర్ బెల్టులు, నూర్పిళ్లప్పుడు త్రెషర్ బెల్టులు, ఏడాది పొడుగునా పిండిమర బెల్టులు అడుగుతారు. కొన్నేళ్లుగా వీటికి కూర్చుని నడిపే గడ్డికోత మిషను బెల్టు కూడా తోడైంది. కాలేజీ మైదానాలకీ పెద్ద తోటలకీ ఈ బండ్లు వచ్చాయి. గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి, హద్దు దాటి పాతపట్నం నుంచి కూడా తెగిన బెల్టును క్యారీబ్యాగులో వేసుకుని వస్తారు. అందరిదీ ఒకటే మాట: "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి."

పోయిన వానాకాలం ఒక కాలేజీ మైదానం చూసుకునే పెద్దాయన మూడోసారి వచ్చారు. బెల్టు బల్ల మీద పడేసి, "ఇదేటి బాబూ, పన్నెండు రోజులు కూడా ఆడలేదు. డూప్లికేట్ మాలు ఇచ్చేసినారు" అన్నారు. ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు, బజారులో నకిలీలు ఉన్నమాట నిజం. కానీ ఒకే సీజనులో మూడు బెల్టులు పోయాయంటే, తప్పు బెల్టులోనే ఉందని నాకు నమ్మకం కుదరలేదు. మొదటి రెండూ ఎలా ఉన్నాయని అడిగాను. పారేశామన్నారు. అక్కడే సగం సమాధానం చెత్తకుప్పలోకి పోయింది. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే, ముందు ఈ బెల్టు ఎలా పనిచేస్తుందో చూడాలి.

బెల్టు పట్టు పక్కల్లో ఉంటుంది, అడుగున కాదు

వెనకటి రైసు మిల్లుల్లో వెడల్పాటి చదును బెల్టులు ఉండేవి. అవి పుల్లీ మీద పరుచుకుని, కేవలం బిగువు వల్ల తిరిగేవి. ఇప్పుడు మనం వాడేది వి-బెల్టు. అడ్డంగా కోసి చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. పుల్లీలోని గాడి కూడా అదే ఆకారంలో ఉంటుంది.

పార పిడి వదులైతే నడుమ ఒక చెక్క చీలిక కొట్టి బిగిస్తాం కదా, ఇక్కడ జరిగేదీ అదే. బెల్టు లాగినప్పుడు గాడిలోకి దిగి, రెండు పక్క గోడలనీ నొక్కుతుంది. గాడి కోణం 36 డిగ్రీలు అనుకుంటే, అదే బిగువులో చదును బెల్టు కన్నా ఈ బెల్టుకి సుమారు మూడు రెట్లు పట్టు దొరుకుతుంది. అంత సన్నటి రబ్బరు అంత బరువు లాగగలగడానికి కారణం ఇదే.

దీన్నిబట్టి ఇంకో సంగతి తెలుస్తుంది. బెల్టు గాడి అడుగుకి తగలకూడదు. పక్కలు అరిగి బెల్టు సన్నబడితే, లేదా గాడి గోడలే అరిగి లోపలికి గుంటపడితే, బెల్టు కిందికి జారి అడుగున కూర్చుంటుంది. అప్పుడు చీలిక పని ఆగిపోతుంది, మూడు రెట్ల పట్టు పోతుంది. సరిగ్గా కూర్చున్న బెల్టు పైభాగం పుల్లీ అంచుకి సమంగానో, కాస్త పైకో కనిపిస్తుంది. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అక్కడ రాసుకుంటోందన్నమాట.

బండి కింద ఉన్నవి రెండు బెల్టులు

"మిషను పనిచేయట్లేదు" అనే మాటలో రెండు వేరువేరు జబ్బులు ఉండొచ్చు. ఇంజిన్ షాఫ్టు నిలువుగా కిందికి దిగి ఉంటుంది, దాని మీద పుల్లీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒక బెల్టు వెనక చక్రాల గేర్‌బాక్సుకి పోతుంది, అది బండిని నడిపే బెల్టు. రెండోది కింద డెక్కులోని, అంటే బ్లేడుల మీద ఉండే రేకు తొడుగులోని, బ్లేడులకి పోతుంది. బండి కదులుతూ గడ్డి తెగకపోతే బ్లేడుల బెల్టు సంగతి. గడ్డి తెగుతూ బండి కదలకపోతే బండిని నడిపే బెల్టు సంగతి. ఈ వ్యాసం బండిని నడిపే బెల్టు గురించే.

పవర్ టిల్లర్ తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక తేడా తికమక పెడుతుంది. టిల్లర్‌లో బెల్టులు పక్కన నిలువుగా కళ్లెదుట ఉంటాయి. గడ్డి మిషనులో బెల్టు సీటు కింద నేలకి సమాంతరంగా పడుకుని, ఎక్కడో మలుపులు తిరిగి వెళ్తుంది. ఆ మలుపుల దగ్గర ఉండే చిన్న పుల్లీల్ని ఐడ్లర్లు అంటారు, మన మెకానిక్కులు టెన్షనర్ అంటారు. వాటిలో ఒకటి స్ప్రింగు లాగే చేతికి బిగించి ఉంటుంది. బెల్టుకి బిగువు ఇచ్చేది ఆ స్ప్రింగే.

గేర్ల బండిలో పెడల్ తొక్కితే ఆ ఐడ్లర్ పక్కకి తప్పుకుంటుంది. బెల్టు వదులవుతుంది, బ్రేకు పడుతుంది. పెడల్ వదిలితే బెల్టు మళ్లీ బిగుస్తుంది. అంటే ఇక్కడ బెల్టే క్లచ్ కూడా. బండి బయల్దేరిన ప్రతిసారీ అది కాసేపు జారి, ఆ తర్వాత పట్టుకోవాలి. పిండిమర బెల్టుకి ఈ కష్టం లేదు. హైడ్రోస్టాటిక్ బండ్లలో, అంటే నూనె ఒత్తిడితో వేగం మారే బండ్లలో, చాలావాటికి నడుస్తున్నంతసేపూ బెల్టు బిగువుగానే ఉంటుంది.

జారుడు ఎంత వేడి పుట్టిస్తుంది

ఒక లెక్క వేద్దాం. ఇంజిన్ నుంచి చక్రాల వైపు 3 కిలోవాట్ల శక్తి పోతోంది అనుకోండి. ఇంజిన్ పుల్లీ 100 మిల్లీమీటర్లు, గేర్‌బాక్సు పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఇంజిన్ వేగం నిమిషానికి 3000 చుట్లు. బెల్టు జారకపోతే కింది పుల్లీ 2000 చుట్లు తిరగాలి. అది 1500 మాత్రమే తిరిగితే జారుడు 25 శాతం. జారిన భాగం శక్తి ఎక్కడికీ పోదు, అంతా వేడిగా మారుతుంది. 3 కిలోవాట్లలో 25 శాతం అంటే 750 వాట్లు. మన ఇంట్లో మామూలు ఇస్త్రీపెట్టె అంత ఉంటుంది. బండి ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఆ బెల్టుకీ పుల్లీకీ ఇస్త్రీపెట్టె ఆన్ చేసి పెట్టినట్టే.

వేడి ఎక్కిన రబ్బరు పక్కలు గట్టిపడి నున్నగా అవుతాయి. నున్నబడిన పక్కకి పట్టు తక్కువ. పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, ఇంకా వేడెక్కుతుంది. బెల్టు లోపలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు సగమవుతుందని బెల్టు తయారీదారులు చెప్పే లెక్క. అందుకే నెల రోజులు బాగా నడిచిన బెల్టు, జారుడు మొదలయ్యాక రెండు రోజుల్లో పోతుంది.

పాత బెల్టును చదవడం

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే భాగం ఇదే. తెగిన బెల్టును తెల్లటి కాగితం మీద పెట్టి, చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే అది ఎలా చచ్చిందో చాలావరకు తెలుస్తుంది.

రెండు పక్కలూ ఒకేలా నల్లగా, గాజులా మెరుస్తుంటే బెల్టు చాలాసేపు జారింది. బిగువు చాలలేదు, లేదా గాడి అరిగింది. బెల్టు పొడుగునా బాగుండి ఒకే ఒక్క చోట మాత్రం కాలి, గుంటపడి ఉంటే సంగతి వేరు. అక్కడ బెల్టు కదలకుండా నిలబడిపోయింది, ఇంజిన్ పుల్లీ మాత్రం తిరుగుతూనే ఉంది. అంటే అవతలి వైపు ఏదో పట్టేసింది. పట్టు వదలని బ్రేకు కావచ్చు, తిరగని గేర్‌బాక్సు కావచ్చు.

ఒక పక్కే పీచులు లేచి, రెండో పక్క బాగుంటే పుల్లీలు ఒకే వరసలో లేవు, లేకపోతే ఏదో రేకుకి బెల్టు రాసుకుంటోంది. పుల్లీల వరసను ఒక దారం బిగించిపట్టి చూస్తే తెలుస్తుంది. వి-బెల్టుకి పుల్లీల మధ్య దూరం మీటరుకి సుమారు 8 మిల్లీమీటర్ల వంకర దాకా తట్టుకుంటుందని లెక్క. అది దాటితే పక్కలు ఒరుసుకుపోతాయి.

అడుగున అడ్డంగా చీలికలు ఉంటే వయసు, వేడి, లేదా మరీ చిన్న పుల్లీ చుట్టూ వంగడం. ఉబ్బి మెత్తబడి చేతికి అంటుకుంటే ఆయిల్ తగిలింది. ఇంజిన్ కింది ఆయిల్ సీల్ కారితే నూనె సరిగ్గా పుల్లీ మీదే పడుతుంది. ఆ సీల్ మార్చకుండా బెల్టు ఎన్ని మార్చినా డబ్బు దండగ.

నన్ను ఎప్పుడూ బాధపెట్టే గుర్తు ఇంకొకటి ఉంది. పైకి కొత్తదిలా ఉంటుంది, ఒక్క చోట టక్కున తెగి ఉంటుంది. చీరి చూస్తే లోపలి దారాలు ఒక వైపు నుంచి తెగుతూ వచ్చినట్టు తెలుస్తుంది. తొందరలో స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదికి ఎక్కించినప్పుడు ఆ దారాలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ పైకి కనిపించదు. వారం తర్వాత తెగినప్పుడు బెల్టును తిడతారు, స్క్రూడ్రైవర్ ఎవరికీ గుర్తుండదు.

మన దగ్గర వాన కూడా ఒక కారణం. తడి గడ్డి మెత్తగా నలిగి గాడిలో చేరుతుంది, ఎండితే పేడ పిడకలా గట్టిపడుతుంది. బెల్టు దాని మీదికి ఎక్కి పుల్లీ మీంచి ఊడిపోతుంది. తెగలేదు, అరగలేదు, ఊడింది అంతే. పుల్లీల పక్కన బెల్టు జారిపోకుండా చిన్న ఇనప మేకుల్లాంటి కాపలాలు ఉంటాయి. బెల్టు మార్చేటప్పుడు అవి వంగిపోయినా, విప్పి మళ్లీ బిగించకపోయినా బెల్టు ఇలాగే తరచూ ఊడుతుంది.

బెల్టుది కాని తప్పు

బండి కదలకపోతే బెల్టే అనుకోవడం అలవాటైంది. ఇతర కారణాలూ ఉన్నాయి.

హైడ్రోస్టాటిక్ బండి వెనక ఒక చిన్న కడ్డీ ఉంటుంది. ఇంజిన్ ఆపి బండిని చేత్తో తోసుకెళ్లడానికి దాన్ని లాగుతారు. మళ్లీ లోపలికి నెట్టడం మరిచిపోతే ఇంజిన్ ఎంత గర్జించినా బండి కదలదు. ఈ కడ్డీ కోసం కొత్త బెల్టు కొనుక్కెళ్లినవాళ్లు ఉన్నారు.

కొన్ని బండ్లలో వెనక చక్రాన్ని ఇరుసుకి ఒక చదరపు ఇనప ముక్క (కీ) పట్టి ఉంచుతుంది. అది పడిపోతే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు.

ఉదయం చక్కగా నడిచి, గంట తర్వాత ఎత్తు దగ్గర నీరసపడి, చల్లారాక మళ్లీ నడిస్తే అది ఎక్కువగా హైడ్రోస్టాటిక్ నూనె సంగతి. వేడికి నూనె పలచబడి లోపలే జారిపోతుంది. బెల్టు జారుడుకీ దీనికీ తేడా ముక్కుతో, చెవితో తెలుస్తుంది. బెల్టు జారితే కీచుమని అరుస్తుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. నూనె పలచబడిన బండి ఏ వాసనా లేకుండా మెల్లబడుతుంది.

48 అని రాస్తే ఎక్కడి నుంచి 48?

సైజు దగ్గర జరిగే పొరపాటు అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ ఇద్దరినీ ముంచుతుంది. మన బజారులో దొరికే బెల్టులకి భారతీయ ప్రమాణం ఐఎస్ 2494. 'ఏ' (A) అనే రకం బెల్టు పైన 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం. బి రకం 17 వెడల్పు, 11 మందం. ఏ-48 అంటే బెల్టు లోపలి చుట్టుకొలత 48 అంగుళాలు.

బయటి దేశపు గడ్డి మిషను బెల్టు మీద 4ఎల్500 అని ఉండొచ్చు. మొదటి 4 అంటే వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అరంగుళం. 500 అంటే 50.0 అంగుళాలు. కానీ ఇది బయటి చుట్టుకొలత. లోపలికీ బయటికీ ఈ రకంలో సుమారు 2 అంగుళాల తేడా. కాబట్టి 4ఎల్500కి దగ్గరది ఏ-48. చాలామంది ఏ-50 తీసుకెళ్తారు, అంకె కలిసింది కదా అని. అది 2 అంగుళాలు పొడుగు. స్ప్రింగు ఐడ్లర్‌ని తన చివరిదాకా లాగేసి ఇంక లాగలేక ఆగుతుంది. బెల్టు కొత్తదే, బిగువు మాత్రం మొదటి రోజు నుంచే లేదు.

అలాగే 5ఎల్510కి దగ్గరది బి-48. ఇక్కడ తేడా సుమారు 3 అంగుళాలు. 'ఏ' రకం బెల్టును 'బి' రకం గాడిలో వేస్తే అడుగుకి పడిపోతుంది, 'బి' రకం బెల్టును 'ఏ' రకం గాడిలో వేస్తే పైన కూర్చుంటుంది. పాత బెల్టును టేపుతో కొలిచి చెప్పే కొలత కూడా నమ్మదగ్గది కాదు, ఎందుకంటే అది సాగి ఉంటుంది.

బిగువుగానా, వదులుగానా? కంపెనీదా, బజారుదా?

మన మెకానిక్కుల్లో రెండు మతాలున్నాయి. బెల్టు వీణతీగలా ఉంటేనే జారదని ఒకరు అంటారు. పిండిమరల అనుభవం నుంచి వచ్చిన మాట అది, అక్కడ మోటారును వెనక్కి జరిపి బిగిస్తారు. ఆ చోట అందులో నిజం ఉంది. కానీ అతి బిగువు బెల్టును కాపాడి బేరింగును చంపుతుంది. గడ్డి మిషనులో కొందరు స్ప్రింగు కొక్కెం కోసి పొట్టి చేస్తారు. కొన్నాళ్లు బండి గట్టిగా లాగుతుంది. ఆ తర్వాత ఐడ్లర్ బేరింగు అరుస్తుంది, ఇంజిన్ కింది సీల్ కారుతుంది, ఆ నూనె మళ్లీ బెల్టు మీదే పడుతుంది. మోటారు మీద బిగించే బెల్టులకి ఒక మధ్యస్థ కొలత ఉంది. రెండు పుల్లీల మధ్య బెల్టు పొడుగు మీటరు ఉంటే, నడుమ తగినంత బలంతో నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్లు దిగాలి. 60 సెంటీమీటర్లయితే సుమారు 10 మిల్లీమీటర్లు. స్ప్రింగు ఉన్న బండిలో ఈ లెక్క స్ప్రింగే చూసుకుంటుంది, అది సాగిపోనంతవరకు.

జారుతుంటే సబ్బు రుద్దడం, గుగ్గిలం పొడి చల్లడం పాత మిల్లుల అలవాటు. చదును తోలు బెల్టుకి అది పనిచేసేది. వి-బెల్టు మీద ఆ పొడి దుమ్ముతో కలిసి ముద్దగా అంటుకుంటుంది. ఆ రోజుకి పని గడుస్తుంది గానీ బెల్టు పక్కలు పాడవుతాయి.

కంపెనీ బెల్టు, అంటే మిషను తయారుచేసినవాళ్లే ఇచ్చే బెల్టు, గురించి వాదన ఇంకా గట్టిది. ధర చాలా ఎక్కువ, తెప్పించడానికి రోజులు పడుతుంది, ఈలోగా గడ్డి మోకాలిదాకా లేస్తుంది. బజారు బెల్టు అప్పటికప్పుడు చేతికొస్తుంది. కంపెనీ వైపు బలం రెండు చోట్ల ఉంది. గడ్డి మిషను బెల్టుల్లో చాలావాటికి లోపల అరమిడ్ దారం వాడతారు, అది మామూలు పాలిస్టర్ దారం కన్నా తక్కువ సాగుతుంది. పైగుడ్డ కూడా జారి పట్టుకునే పనికి తగినట్టు ఉంటుంది. పెడల్‌తో బెల్టు వదులయ్యే గేర్ల బండికి ఆ తేడా నిజంగా తెలుస్తుంది, అక్కడ నేను కంపెనీదే తెప్పించుకోమంటాను, నా అమ్మకం పోయినా సరే. ఎప్పుడూ బిగువులో ఉండే హైడ్రోస్టాటిక్ బండికి సైజు, రకం సరిగ్గా కుదిరిన మంచి బజారు బెల్టు చాలాకాలం నడవడం చూశాను. సైజు తప్పితే కంపెనీదైనా ఆగదు.

ఆ మూడో బెల్టు మీద ఏముంది

పెద్దాయన తెచ్చిన బెల్టును ట్యూబులైటు కింద తిప్పి చూశాను. ఒక పక్క పీచులు లేచాయి, రెండో పక్క బాగానే ఉంది. అది పుల్లీ వంకర చెప్పే గుర్తు. కానీ నన్ను ఆపింది దాని వీపు. వి-బెల్టు వీపు గుడ్డలా గరుకుగా ఉండాలి. ఇది మాత్రం బూటు పాలిష్ పట్టించినట్టు మెరుస్తోంది, మీద రాసిన సైజు అంకె పూర్తిగా చెరిగిపోయింది. వీపుకి తగిలేది ఒక్కటే, చదునుగా ఉండే ఐడ్లర్ పుల్లీ. అది బెల్టుతోపాటు దొర్లితే వీపు మెరవదు. ఆగిపోయి, బెల్టు దాని మీద రాసుకుంటూ పోతేనే అలా అవుతుంది.

సాయంత్రం మైదానానికి వెళ్లాను. ఇంజిన్ ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసి, ఐడ్లర్‌ని వేలితో తిప్పితే తిరిగింది. మెకానిక్ కూడా అలాగే తిప్పి బాగానే ఉందని వదిలేశాడట. చల్లగా ఉన్నప్పుడు అది తిరుగుతుంది. కానీ పుల్లీ అంచును బొటనవేలితో పైకీ కిందికీ ఊపితే కట్ కట్‌మని ఆడింది. చెవి దగ్గర పెట్టి తిప్పితే లోపల ఇసక నలిగినట్టు శబ్దం. విప్పితే బేరింగులో గ్రీజు చుక్క లేదు, గుళ్ల చుట్టూ ఎర్రటి తుప్పు. రోజూ పని అయ్యాక పైపు పెట్టి బండి అడుగంతా కడుగుతారట. శుభ్రంగా ఉంచుతున్నాననే ఆయన సంతోషం, ఆ నీరు మాత్రం బేరింగులోకి పోతోంది. వేడెక్కినప్పుడు అది పట్టేసి బెల్టును కాల్చేది. అరిగి ఊగడం వల్ల పుల్లీ ఒరిగి, బెల్టును ఒక పక్కకి నెట్టేది. బెల్టు మీద కనిపించిన రెండు గుర్తులకీ కారణం ఒకటే.

అది 6203 బేరింగు. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. రోజూ అమ్మే సైజే. పాతదానికి రెండు వైపులా ఇనప మూతలున్నాయి, దాన్ని డబుల్ జెడ్ అంటాం. కొత్తది రబ్బరు మూతలున్న టూ ఆర్ఎస్ రకం వేశాం. దుమ్ముకీ నీటికీ రబ్బరు మూత మెరుగైన అడ్డు. అయినా పైపుతో నేరుగా కొట్టే నీటిని అదీ ఎక్కువకాలం ఆపలేదు, అందుకని ఇప్పుడు ఆయన ఎండిన గడ్డిని చీపురుతో దులుపుతున్నారు.

రెండో బెల్టు నేనే అమ్మాను, పాతది చూపించమని అడగకుండా. అప్పుడే అడిగుంటే మూడోది కొనే అవసరం ఉండేది కాదు.

నాలుగో బెల్టును జనవరిలో, గడ్డి ఎండి బండికి పని తగ్గాక, ఆయనే విప్పి తెచ్చారు. చూడమన్నట్టు నా ముందు పెట్టారు. రెండు పక్కలూ పొడిగా, ఒకేలా నల్లగా ఉన్నాయి. వీపు గరుకుగానే ఉంది. దాని మీది అంకె సగం చెరిగినా, చదవడానికి వస్తోంది.